హ్యారీ, బెల్లా, లైరా: చివరి పుస్తకం ఎవరిది మేలు?

బరంపురంలో మా వీధి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కథల పుస్తకాలకు మాత్రం ఇంగ్లీషు. వేసవి సెలవులొస్తే ఒకరింట్లో ఉన్న సెట్టు నాలుగిళ్లు తిరుగుతుంది. తిరిగి వచ్చేసరికి అట్టలు ఊడి, మధ్యలో ఎవరో అప్పడం తింటూ చదివిన గుర్తులు కూడా ఉంటాయి. ఆ పుస్తకాల మీద తగవులు ఎన్ని విన్నానో! మొదటి భాగం గురించి ఎవరూ కొట్టుకోరు. రచ్చంతా ఆఖరి భాగం దగ్గరే. పెద్దవాళ్లు నన్ను అడిగేదీ దాని గురించే: "అయిదారు పుస్తకాలకు డబ్బు పోశాక చివర్లో పిల్ల ఉసూరుమంటే ఎలా? ఏ సెట్టు కొనమంటావు?"

న్యాయమైన ప్రశ్న. అందుకే చివరి పుస్తకం నుంచి వెనక్కి లెక్క వేసి చెబుతున్నాను. ముగింపులన్నీ బయటపెట్టేస్తాను కాబట్టి చదవబోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ముందు అందరికీ తెలిసినది. 'హ్యారీ పాటర్ అండ్ ద డెత్లీ హ్యాలోస్' 2007 జూలై 21న వచ్చింది. ఏడోది, ఆఖరిది. ఒక్క అమెరికాలోనే మొదటి 24 గంటల్లో 83 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. దాని మీద నేను విన్న ఫిర్యాదులు రెండు. ఒకటి, మధ్యలో హ్యారీ, స్నేహితులు రాన్, హెర్మయనీ ముగ్గురూ గుడారం వేసుకుని అడవులు పట్టి తిరగడం. "అత్తా, వందల పేజీలు టెంట్లోనే ఉన్నారు, ఏమీ జరగదు" అని నా మేనకోడలు విసుక్కుంది. నాకు ఆ భాగం ఇష్టం. ఆరు పుస్తకాల పాటు బడి గంట, హాస్టల్ భోజనం, దారి చూపే మాస్టారు ఉన్న పిల్లాడికి ఇక్కడ ఏమీ లేవు. ఆకలేస్తుంది, చిరాకొస్తుంది, ప్రాణస్నేహితుడు అలిగి వెళ్లిపోతాడు. ఆ విసుగు పాఠకుడికీ అంటుకోవాలి. అంటుకోకపోతే తర్వాత హ్యారీ ఒంటరిగా అడవిలోకి నడిచే అధ్యాయానికి అంత బరువు రాదు.

ఆ అధ్యాయం చాలా గొప్పది. చావడానికే వెళ్తున్న కుర్రాడు, చనిపోయిన తన వాళ్లను పక్కన పెట్టుకుని, నొప్పిగా ఉంటుందా అని అడుగుతాడు. పదిహేడేళ్ల పిల్లాడు అడిగే ప్రశ్నే అది, పెద్ద మాటలేమీ లేవు. యుద్ధం ముగిశాక, లోకంలోకెల్లా శక్తిమంతమైన మంత్రదండం చేతిలో ఉన్నా, దాన్ని వాడి, విరిగిపోయిన తన పాత దండాన్ని బాగు చేసుకుని, ఆ పెద్దదాన్ని వద్దంటాడు. సినిమాలో ఆ పెద్ద దండాన్ని పుటుక్కున విరిచి పారేశారు. పాతదాన్ని బాగు చేసుకోవడం లేకుండా పోయింది.

రెండో ఫిర్యాదు చివరి కొన్ని పేజీల మీద. పందొమ్మిదేళ్ల తర్వాత, రైల్వే స్టేషను, అందరికీ పెళ్లిళ్లు, పిల్లలు, ఆ పిల్లలకు చనిపోయినవాళ్ల పేర్లు. మా వదినకు అదే నచ్చింది: "అందరూ ఒక ఇంటివాళ్లయ్యారు, పిల్లలు బళ్లో చేరారు, ఇంకేం కావాలే?" మేనకోడలు ఒప్పుకోలేదు. కవల సోదరుడిని పోగొట్టుకున్న రాన్ అన్న జార్జి ఎలా బతికాడో ఒక్క ముక్క చెప్పలేదేమని దాని కోపం. ఆ పేజీలు తను చాలా ముందే రాసి పెట్టుకున్నానని రచయిత్రి జె.కె. రోలింగ్ చెప్పింది. రాన్‌కీ హెర్మయనీకీ జత కలపడం తన సొంత ముచ్చట తీర్చుకోవడమేనని 2014లో ఒప్పుకుంది కూడా. నా మటుకు నాకు ఆ పేజీలు చించేసినా పుస్తకానికి లోటు లేదు. ఉన్నా చెడిపోలేదు.

బెల్లా కథ 'ట్వైలైట్'లో నాలుగోది, ఆఖరిది అయిన 'బ్రేకింగ్ డాన్' సంగతి అలా కాదు. 2008 ఆగస్టు 2న విడుదలైంది. అమెరికాలో మొదటి రోజే 13 లక్షల కాపీలు పోయాయి. ఆ తర్వాత, పుస్తకాన్ని షాపులో తిరిగిచ్చేయండని కొందరు అభిమానులే పిలుపునిచ్చారు. చదవనివాళ్లు కాదు, రాత్రంతా మేలుకుని చదివినవాళ్లు! ఎందుకంత మంట? మూడు పుస్తకాల పాటు, రక్తపిశాచిని ప్రేమించిన బెల్లాకు ఒక్కటే బెంగ. రక్తపిశాచిగా మారాలంటే అమ్మానాన్నలను వదులుకోవాలి, పిల్లల ఆశ వదులుకోవాలి, తోడేలుగా మారే జేకబ్ స్నేహం వదులుకోవాలి. నాలుగో పుస్తకంలో ఆ మూడింట్లో ఒక్కటీ పోలేదు. బిడ్డ పుడుతుంది, నాన్న ఇంటికి వచ్చి పోతుంటాడు, జేకబ్ ఏకంగా ఆ పసిబిడ్డకే జన్మంతా ముడిపడిపోతాడు. ఈ చివరి విషయం వినగానే మా వీధి తల్లులు ముఖం చిట్లించారు. నేనూ చిట్లించాను.

ఇక యుద్ధం. ఆ బిడ్డ వల్ల ముప్పని శత్రు రక్తపిశాచుల దండు మంచులో నడిచొచ్చి, ఎదురుగా నిలబడి, మాట్లాడి, వెళ్లిపోతుంది. 2012లో సినిమా తీసినవాళ్లు అక్కడ భీకరమైన పోరాటం పెట్టి, అదంతా రాబోయేది ముందే చూడగల ఆలిస్ చూపించిన భవిష్యత్తు అని తేల్చేశారు. హాల్లో కేకలు పెట్టించింది ఆ సీనే. కాలేజీలో పాఠం చెప్పే నా స్నేహితురాలు మాత్రం పుస్తకం పక్షమే: సాక్షులను పోగేసుకొచ్చి రక్తం చిందకుండా గొడవ తీర్చుకుంటే తప్పేంటి, ప్రతి కథా కురుక్షేత్రం కావాలా అంటుంది. అంతవరకు నిజమే, ఆలోచన మంచిదే. కానీ కోర్టు కేసు గెలిచినా ఎంతో కొంత పోతుంది కదా, ఇక్కడ ఆ ఖర్చు కూడా లేదు.

ఈ తగవులన్నీ విన్నాక నాకు తేలింది ఇది: చివరి పుస్తకం ఏడిపించిందని ఎవరికీ కోపం రాదు. ముందు పుస్తకాల్లో చేసిన బాకీ తీర్చకుండా ఎగ్గొడితేనే వస్తుంది. బెల్లా కథలో ఎగ్గొట్టారు. హ్యారీ కథలో తీర్చేసి, పైన కాస్త మిఠాయి కూడా పెట్టారు.

లైరా కథ, ఫిలిప్ పుల్‌మన్ రాసిన 'హిజ్ డార్క్ మెటీరియల్స్'లో ఆఖరిది 'ది ఆంబర్ స్పైగ్లాస్'. అది బాకీ తీర్చిన తీరు వేరు. 2000లో వచ్చిన ఈ మూడో భాగానికి 2001 సంవత్సరపు బ్రిటన్ విట్‌బ్రెడ్ సాహిత్య అవార్డుల్లో 'బుక్ ఆఫ్ ది ఇయర్' దక్కింది. పిల్లల పుస్తకానికి ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. మా దగ్గర దీన్ని చదివిన పిల్లలు తక్కువే. మొదటి భాగమే కొంచెం గట్టిగా ఉంటుంది, పైగా మతపెద్దలతో, దేవుడితో పేచీ. దీనికీ లోపాలున్నాయి. చక్రాల మీద తిరిగే జీవాల అధ్యాయాలు నత్తనడక నడుస్తాయి. స్వర్గం మీద యుద్ధమని అంత హడావుడి చేసి, ఆ ముసలి దేవుడిని గాలికి చెదిరిపోనిచ్చి చేతులు దులుపుకోవడం నాకు చప్పగా అనిపించింది.

కానీ చివరి ముప్పై నలభై పేజీలున్నాయే! ఒకరినొకరు ప్రేమించుకున్న లైరాది ఒక లోకం, విల్‌ది ఇంకొకటి. లోకాల మధ్య మాయకత్తితో కోసిన ప్రతి కిటికీ ఒక పిశాచాన్ని పుట్టిస్తుంది, ప్రాణాధారమైన 'డస్ట్' దానిలోంచి కారిపోతుంది. అన్నీ మూసేయాలి. పరాయి లోకంలో కాపురం పెడితే పదేళ్లకు మించి ఆరోగ్యం నిలవదు. విల్ నాన్న అలాగే క్షీణించాడని మనకు ముందే తెలుసు. "అత్తా, ఒక్క కిటికీ వదిలేస్తే ఏం పోయింది?" అని మేనకోడలు నిలదీసింది. చిక్కంతా అక్కడే. ఒక్కటి వదలొచ్చు. కానీ దాన్ని చీకటి లోకంలో మగ్గుతున్న మృతుల కోసం వదిలేశారు, వాళ్లు బయటికొచ్చి గాలిలో కలిసిపోవడానికి. ఆ మాట ఇచ్చింది లైరానే. అందుకే పిల్ల ఎంత ఏడ్చినా రచయిత మోసం చేశాడని మాత్రం అనలేకపోయింది.

విడిపోయేటప్పుడు వాళ్లు ఒక ఏర్పాటు చేసుకుంటారు. ఆక్స్‌ఫర్డ్ బొటానిక్ గార్డెన్‌లో రెండు లోకాల్లోనూ ఉన్న ఒకే బెంచీ మీద, ఏటా నడివేసవి రోజున, మధ్యాహ్నం పన్నెండు నుంచి గంటసేపు ఎవరి లోకంలో వాళ్లు కూర్చోవాలని. ఆ బెంచీ నిజంగానే ఉంది, దాని మీద పాఠకులు లైరా, విల్ పేర్లు చెక్కారు. ఇక్కడ మా ఠాకురాణి జాతరలో పుట్టింటికొచ్చిన అమ్మవారిని చివరి రాత్రి గుడికి సాగనంపేటప్పుడు ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. అయినా రెండేళ్లకు మళ్లీ వస్తుందన్న ధైర్యం ఉంటుంది. లైరాకు అదీ లేదు. గంజాం జిల్లాలో సూరత్ మిల్లుల్లో పనికి నాన్న వెళ్లిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి అమ్మాయి ఒకతె ఈ పుస్తకం తీసుకెళ్లి తిరిగిచ్చింది. ఏడ్చావా అంటే లేదంది. "ఏడాదికో గంటైనా ఖాయంగా ఉంది కదండీ" అంది.

గ్రీకు దేవతల పిల్లల కథ 'పర్సీ జాక్సన్' మొదటి అయిదు పుస్తకాల సెట్టులో చివరిది, 2009 నాటి 'ది లాస్ట్ ఒలింపియన్', తగవులు లేని పుస్తకం. దేవతలు అమరత్వం ఇస్తామంటే పర్సీ వద్దని, దానికి బదులు మీ పిల్లలందరినీ మీ పిల్లలని ఒప్పుకోండి అని అడుగుతాడు. అమృతం కోసం సముద్రం చిలికిన కథలు విని పెరిగిన మన పిల్లలకు అది భలే నచ్చుతుంది. పదకొండు, పన్నెండేళ్లవాళ్లకు కళ్లు మూసుకుని కొనొచ్చు.

ఆ పైన పదమూడుకి హ్యారీ. పదిహేను దాటి, కొంచెం ఓపికగా చదివే పిల్లయితే లైరా. నన్నడిగితే ముగింపుల్లో అదే మేలు, మా వదిన ఏమన్నా సరే. బెల్లా పుస్తకాలు కొనొద్దు, ఎవరి దగ్గరో తప్పకుండా ఉంటాయి, అడిగి తెచ్చుకోండి. లైరా మూడు భాగాలూ మాత్రం ఒకేసారి తెప్పించండి. రెండోది లైరా కనిపించకుండా పోయిన చోట ఆగుతుంది, మూడోది పార్సిల్లో వచ్చేదాకా ఇంట్లో మీకు నిద్ర ఉండదు.