ఐదు రూపాయల మ్యూజియం, ఆరు వందల పేచీ

కొండాపూర్ అంటే హైదరాబాద్‌లో అందరికీ హైటెక్ సిటీ పక్కనున్నదే గుర్తొస్తుంది. మా కారు డ్రైవరు ఆ సాకే పట్టుకున్నాడు. ముందురోజే "సంగారెడ్డి అవతల కొండాపూర్, మ్యూజియం" అని మెసేజ్ పెట్టి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి రానూపోనూ 3,200కి మాట్లాడుకున్నాం. పటాన్‌చెరు దాటాక బండి పక్కన ఆపి "సిటీ కొండాపూర్ అనుకున్న సార్, ఇంకో 600 ఇయ్యాలె" అన్నాడు. ఊళ్లోనే ఉన్న కొండాపూర్‌కి 3,200 ఎవరిస్తారయ్యా అంటే జవాబు లేదు. మెసేజ్ చదవలేదట! దాని కిందే "ఓకే సార్" అని అతను పెట్టింది ఉంది. "ఎండలో ఈ పంచాయితీ ఎందుకు, ఇచ్చెయ్ బాబూ" అని మా అత్తయ్య. ఒక్క రూపాయి ఎక్కువిచ్చినా దిగి బస్సెక్కుతానని మా ఆవిడ. చివరికి 300 దగ్గర తెగింది. ఆ తర్వాత సంగారెడ్డి దాకా కార్లో ఎవరూ నోరు విప్పలేదు.

ఆ మూడ్‌తో లోపలికి వెళ్లాం. టికెట్ మనిషికి 5 రూపాయలు, పిల్లలకు ఉచితం. చిన్న మ్యూజియమే, కానీ అక్కడ పెట్టినవి ఎక్కణ్ణుంచో తెచ్చినవి కావు, ఆ ఊరి మట్టిలో దొరికినవే. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఊరి బయటి కోటగడ్డను తవ్వితే శాతవాహనుల కాలపు ఊరే బయటపడింది. ఇటుక కట్టడాలు, పూసలు, కుప్పలుగా నాణేలు. సీసపు నాణేల్లో కొన్ని చిటికెన వేలి గోరంత ఉన్నాయి, వాటి మీదా ఏనుగు బొమ్మ. నాణేలు పోసే మట్టి అచ్చులు కూడా దొరికాయి కాబట్టి ఇక్కడ టంకశాల ఉండేదంటారు. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా ఈ దిబ్బలోనే దొరికింది. మెదక్ సీమ పల్లెకు రోమ్ బంగారం!

మా అత్తయ్య తెల్లమట్టి బొమ్మల దగ్గర్నుంచి కదల్లేదు. వాటి కొప్పులు, తలపాగాలు ఒక్కోటీ చూసి, ఆ ముడి ఎలా వేశారో మా ఆవిడ జుట్టు పట్టుకుని చూపించింది. కారులో విసుక్కుంటూ కూర్చున్న డ్రైవర్ని మావాడు వెళ్లి పిలుచుకొచ్చాడు. మా అందరికంటే ఎక్కువసేపు నాణేల ముందు నిలబడింది అతనే. అతని టికెట్ 5 రూపాయలు ఆ 300లోంచి కోసుకోమని మా ఆవిడ నాతో గట్టిగానే అంది.

కోటగడ్డ మీద నీడ తక్కువ, పొద్దున్నే చూసేయండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. భోజనం ఇంటి నుంచి కట్టుకెళ్లడమే మేలు, హైవే మీద ఒక ఏసీ హోటల్లో నలుగురికి 1,140 పెట్టి చల్లారిన పప్పు తిన్నాం. కారు మాట్లాడేటప్పుడు మాత్రం ఊరి పేరొక్కటే చెప్పకండి. సంగారెడ్డి జిల్లా అని, వెయిటింగ్, టోల్ అన్నీ కలిపే అని రాయించుకుని స్క్రీన్‌షాట్ దాచుకోండి.