డబ్బు కట్టేముందు చూసొద్దామని: చోళమండలం నుంచి ఆరోవిల్ దాకా

చెన్నై పెరంబూరులో మా వీధిలో నాలుగు తెలుగు కుటుంబాలం ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం. పిల్లలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మధురాంతకం దగ్గర రెండెకరాలు కలిసి కొని, ఒకే వంటిల్లు పెట్టుకుని, ఎనిమిది మందిమీ అక్కడే ఉండిపోదామన్న మాట రెండేళ్లుగా నడుస్తోంది. మా అత్తగారు బతికుంటే "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అనేవారు. ఆ భయం నాకూ ఉంది. అందుకే అడ్వాన్సు ఇచ్చేలోపు, అలా కలిసి బతుకుతున్నవాళ్లను చూసి రావాలని పక్కింటి అన్నయ్యగారు, వదిన, మా వారు, నేను జనవరిలో నాలుగు రోజులు తిరిగొచ్చాం.

మొదట చోళమండలం. చెన్నైనుంచి పాండిచ్చేరి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కం దగ్గర రోడ్డు పక్కనే ఉంటుంది. ఎన్నిసార్లు దాని ముందునుంచి మహాబలిపురం వెళ్లామో, ఒక్కసారీ దిగలేదు. మద్రాసు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి 1966లో కట్టుకున్న కళాకారుల ఊరు ఇది. బొమ్మలు అమ్మి బతకడం కష్టమని వాళ్లకు ముందే తెలుసు. అందుకని బాతిక్ (మైనపు అద్దకం) బట్టలు, తోలు పని, లోహపు పని చేసి అమ్ముకునేందుకు ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ అమ్మకాల డబ్బుతోనే సముద్రం ఒడ్డున సుమారు పదెకరాల ఇసుక నేల కొన్నారు. కొంతసేపు చేతిపని, మిగిలిన సమయమంతా బొమ్మలు. ఎవరి దయా అక్కర్లేదు.

ఆ మాట విన్నప్పుడు మా వారు చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు: "ముందు రాబడి, తర్వాత నేల." మేం తలకిందులుగా మొదలుపెట్టాం కదా అన్నారు. నిజమే. ఇన్నాళ్లూ మేం మాట్లాడుకున్నదంతా నేల రేటు గురించే.

2009లో ప్రారంభించిన మ్యూజియం బాగుంది. మద్రాసు కళా ఉద్యమం, అంటే పణిక్కర్, ఆయన తోటివాళ్ల బొమ్మలు ఒకచోట చూడాలంటే ఇది మంచి చోటు. చెట్ల మధ్య శిల్పాలు, కూర్చోవడానికి నీడ ఉన్నాయి. రెండు గంటలు చాలు. అయితే ఇప్పుడు అక్కడ కనిపించేది సమష్టి జీవితం కాదు, దాని జ్ఞాపకం. పణిక్కర్ 1977లోనే పోయారు. ఆ తరంలో చాలామంది లేరు. మొదటివాళ్లు వెళ్లాక ఎవరు నడుపుతారన్న ప్రశ్న మా మనసులో అక్కడే పడింది.

తిరువాన్మియూరులో పాండిచ్చేరి బస్సెక్కి, పెరియ ముదలియార్‌చావడి దగ్గర దిగి, దేశదేశాలవాళ్లు కలిసి బతికే ఊరు ఆరోవిల్‌కు ఆటోలో చేరాం. చెన్నై నుంచి సుమారు 150 కిలోమీటర్లు. వారాంతంలో గది దొరకడం కష్టం, నెల ముందే బుక్ చేసుకోండి. మేం దిగిన గెస్ట్‌హౌస్ పేరు చెప్పను. గది శుభ్రంగా ఉంది, దోమతెర ఉంది, చుట్టూ చెట్లు. కానీ వేడినీళ్లు సాయంత్రం వచ్చేవి, పొద్దున వచ్చేవి కావు. అన్నయ్యగారికి మోకాళ్ల నొప్పులని ముందే చెప్పినా మేడ మీద గది ఇచ్చారు. అడిగితే మార్చారు గానీ ఒక రోజు పట్టింది. అద్దె కాకుండా అతిథులనుంచి రోజుకింత అని విడిగా తీసుకుంటారు, ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. లోపల దూరాలు ఎక్కువ, నడిచి తిరగలేం. అద్దె స్కూటర్ తీసుకుంటే బ్రేకు నొక్కి చూశాకే డబ్బివ్వండి. మాకు ఇచ్చినదానికి వెనక బ్రేకు పట్టలేదు.

ఊరి నడుమ బంగారు గోళంలా ఉండే ధ్యానమందిరం మాతృమందిరం గురించి అందరికీ తెలుసు. దూరంనుంచి చూడటానికి పాసు చాలు. లోపల ధ్యానం చేసుకోవాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి.

నాకు ముఖ్యమైంది ఊరు ఎలా నడుస్తుందన్నది. 1968 ఫిబ్రవరి 28న మొదలైనప్పుడు ఇది చెట్టు చేమ లేని ఎర్రమట్టి దిబ్బ. వాన నీళ్లు మట్టిని సముద్రంలోకి ఈడ్చుకుపోయేవట. గట్లు వేసి, లక్షల మొక్కలు నాటి ఈ అడవిని పెంచారు. 50,000 మంది కోసం వేసిన ప్లాను, ఇప్పుడున్నది మూడు వేల పైచిలుకు. 1988లో పార్లమెంటు చేసిన చట్టం తర్వాత నేల, ఇళ్లు అన్నీ ఆ చట్టం కింద ఏర్పడ్డ ఆరోవిల్ ఫౌండేషన్‌వే. సొంత డబ్బుతో కట్టుకున్న ఇల్లయినా మీది కాదు. అమ్మలేరు, పిల్లలకు రాసివ్వలేరు. ఇది విని వదిన చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి నాతో అంది: "మన ఊళ్లో చావిడి ఎవరిది వదినా? ఎవరిదీ కాదు. అయినా ఏటా సున్నం వేసేవాళ్లుగా." ఆ మాట నాకు బాగా నచ్చింది.

పూర్ టూస్ అనే సరుకుల కేంద్రంలో వస్తువుల మీద ధరలు ఉండవు. అక్కడి నివాసులు నెలనెలా కొంత జమచేసి, కావలసినంత తీసుకుంటారు. సోలార్ కిచెన్ పైకప్పు మీద అద్దాలు పొదిగిన 15 మీటర్ల వెడల్పు గిన్నె ఉంది. ఎండను ఒకచోటికి చేర్చి ఆవిరి పుట్టిస్తుంది, ఆ ఆవిరితో వందలమందికి వంట. మబ్బు పట్టినరోజు బాయిలరుతో నడుపుతారు. ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో మట్టి ఇటుకలు చూశాం. మట్టిలో 5 శాతం సిమెంటు కలిపి, యంత్రంతో గట్టిగా నొక్కి, తడిపి ఆరబెడతారు. బట్టీ ఉండదు, పొగ ఉండదు. మా ఇళ్లు కట్టేది వీటితోనే అని అక్కడే అనుకున్నాం.

ఒక విషయం మాత్రం మనసులో నలుగుతూనే ఉంది. పొద్దున ఎనిమిదింటికి చుట్టుపక్కల తమిళ ఊళ్లనుంచి ఆడవాళ్లు సైకిళ్లమీద, మోపెడ్లమీద బారులు తీరి పనికి వస్తారు. గదులు ఊడ్చేది, తోటలు తడిపేది ఎక్కువగా వాళ్లే. మా గెస్ట్‌హౌస్‌లో పనిచేసే ఆవిడ ఇరవై ఏళ్లుగా వస్తోందట. జీతం గురించి ఆవిడ ఫిర్యాదేమీ చెయ్యలేదు. కానీ కలిసి బతికేవాళ్ల ఇల్లు ఇంకెవరో ఊడుస్తుంటే, ఆ బతుకు లెక్కలో వాళ్లనూ చేర్చాలి కదా. తగువులూ ఉన్నాయి. 2021 డిసెంబరులో రోడ్డు కోసం చెట్లు కొట్టినప్పుడు మొదలైనది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

శుక్రవారం సాయంత్రం సాధనా ఫారెస్ట్‌కు వెళ్లాం. మొత్తం ప్రయాణంలో నేను మళ్లీ వెళ్లాలనుకునే చోటు ఇదే. ఇజ్రాయిల్‌నుంచి వచ్చిన అవిరామ్, యోరిత్ రోజిన్ దంపతులు 2003లో 70 ఎకరాల ఎండిపోయిన నేలలో దీన్ని మొదలుపెట్టారు. గట్లు, గుంటలు తవ్వి వాన నీటిని నిలిపి, ఈ తీరంలో ఒకప్పుడుండే అడవిని తిరిగి పెంచుతున్నారు. బావుల్లో నీటిమట్టం సగటున 6 మీటర్లు పైకొచ్చిందని తిప్పి చూపించినవాళ్లు చెప్పారు. తాటాకు గుడిసెలు, సౌర విద్యుత్తు, రంపపు పొట్టు చల్లే పొడి మరుగుదొడ్లు. గిన్నెలు తోమేది బూడిదతో, మా అమ్మ తోమినట్టే. భోజనం ఉచితం. పాలు, పెరుగు ఏవీ ఉండవు. మజ్జిగ లేని భోజనం మా వారికి ఇబ్బందే అయినా కూరగాయల రుచి బాగుందని రెండోసారి వడ్డించుకున్నారు.

అక్కడ ఒక విశాఖ కుర్రాడు తగిలాడు. షోళింగనల్లూరులో ఉద్యోగం, నెల సెలవు పెట్టి వచ్చాడు. నాకు తెలియాల్సిన ప్రశ్నే అడిగాను.

"మరుగుదొడ్లు కడిగేది ఎవరు బాబూ?"

"ఈ వారం నేనే ఆంటీ. పనులన్నీ బోర్డు మీద ఉంటాయి, ఎవరికి వాళ్లు పేరు రాసుకోవాలి. ఏదైనా పని ఖాళీగా ఉంటే అందరం కూర్చున్నప్పుడు మళ్లీ అడుగుతారు, ఎవరో ఒకరు చెయ్యెత్తేదాకా."

"ఎవరూ ఎత్తకపోతే?"

"ఇప్పటిదాకా ఎవరో ఒకరు ఎత్తారు ఆంటీ."

పొద్దున్నే మొక్కల పని, తర్వాత వంట, శుభ్రం. అక్కడ దాన్ని సేవ అంటారు. డాక్టరైనా, విద్యార్థైనా అదే వంతు. మా వయసువాళ్లు అక్కడ వారాల తరబడి ఉండటం కష్టం. నేల మీద పరుపు, చీకట్లో దారి. సాయంత్రం చూసి, తిని, మాట్లాడి రావడానికి మాత్రం తప్పకుండా వెళ్లండి. టార్చి లైటు తీసుకెళ్లండి.

తిరుగు బస్సులో వదిన, నేను ఒక కాగితం మీద పనుల పట్టీ రాశాం. ఎనిమిది పేర్లు, ఏడు రోజులు. వంట గళ్లు వెంటనే నిండాయి. మరుగుదొడ్ల గడిలో అన్నయ్యగారు తన పేరు తనే రాశారు, సోమవారం, గురువారం. రాబడి గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఊరగాయలు పెట్టి అమ్మడమా, మట్టి ఇటుకలు చేయించడమా తేలలేదు. వచ్చే నెల మధురాంతకం వెళ్తున్నాం. ఈసారి నేల రేటు మాట్లాడటానికి కాదు, ఎండాకాలంలో ఆ బావి నీళ్లు ఎంత లోతుకు పోతాయో పక్క రైతులను అడగడానికి.