రాత్రి 11కి హాస్టల్ నెట్ ఆపాలి: ఫైర్‌వాల్‌లోనా, స్విచ్‌లోనా?

రాత్రి 11కి ఆగాలి, పొద్దున 5కి రావాలి. కాలేజీ వాళ్ళు అడిగేది ఇంతే. ఫైర్‌వాల్ అంటే నెట్ బయటికి వెళ్ళే దారిలో ఉండే కాపలా పెట్టె, స్విచ్ అంటే గదుల కేబుళ్ళు వచ్చి కలిసే పెట్టె. దీనికి నేను మూడు పద్ధతులు పెట్టి చూశాను.

సిస్కో స్విచ్‌లో క్రాన్ టైమర్ (చెప్పిన టైమ్‌కి కమాండ్లు నడిపేది) పెట్టి పోర్టులు షట్ చేసేయడం ఒకటి. ఇది నాకు అసలు నచ్చదు. పోర్టుతో పాటు, ఆ కేబుల్‌లోంచే కరెంటు తీసుకునే యాక్సెస్ పాయింట్‌కి (వైఫై పెట్టెకి) కరెంటు కూడా పోతుంది. పైగా రాత్రిపూట ఎవరైనా అలవాటుగా 'రైట్ మెమరీ' కొడితే షట్ కూడా సేవ్ అయిపోతుంది. మర్నాడు పగలు కరెంటు పోయి వస్తే పోర్టులు మూతపడే లేస్తాయి.

ఫైర్‌వాల్ షెడ్యూల్ పెట్టడం తేలిక, లాగ్‌లూ బాగుంటాయి. ఆపాల్సింది ఇంటర్నెట్ ఒక్కటే అయితే అదే చాలు. కానీ ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లో షెడ్యూల్-టైమౌట్ ఆన్ చేయకపోతే 10:55కి మొదలైన డౌన్‌లోడ్ 11 దాటినా సాగుతూనే ఉంటుంది. ఇక ఒకే వీలాన్‌లో (స్విచ్‌లో విడదీసిన ఒక నెట్‌వర్క్‌లో) గది నుంచి గదికి నడిచే గేమ్ ఫైర్‌వాల్ దాకా రానే రాదు.

అందుకే హాస్టల్‌కి నా ఓటు స్విచ్‌లో టైమ్-రేంజ్ (ఏ టైమ్ నుంచి ఏ టైమ్ వరకు అన్నది) పెట్టిన ఏసీఎల్‌కే. ఏసీఎల్ అంటే దేన్ని వదలాలో (పర్మిట్), దేన్ని ఆపాలో (డినై) చెప్పే లైన్ల జాబితా. అది పోర్టు దగ్గరే ఆపుతుంది. టైమ్ దాటగానే ఆ లైను లేనట్టే లెక్క, కాన్ఫిగ్ మాత్రం మారదు.

అయితే దీని ప్రాణమంతా గడియారంలో ఉంది. మొదట్లో నేను 11 నుంచి 5 వరకు డినై పెట్టి, కింద పర్మిట్ ఎనీ ఎనీ (మిగతాదంతా వదిలేయ్) రాశాను. ఓ రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయి వచ్చింది, నెట్ కూడా వచ్చేసింది! పాత సిస్కో 2960 లాంటి స్విచ్‌లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. రీబూట్ అయితే 1993 మార్చి 1 అర్ధరాత్రి యూటీసీ నుంచి మొదలవుతాయి. అంటే మన టైమ్‌లో తెల్లవారుజామున 5:30. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే పద్ధతి) టైమ్ అందేవరకు స్విచ్ దృష్టిలో తెల్లారిపోయినట్టే. ఆ తర్వాత వారంలో మూడుసార్లు ఆ ఫ్లోర్ ఎంసీబీ ఎందుకు పడిపోయిందో వేరే చెప్పాలా?

ఇప్పుడు తిప్పి రాస్తున్నాను. ముందు డీహెచ్‌సీపీకి (ఫోన్లకి, కంప్యూటర్లకి ఐపీ అడ్రస్ ఇచ్చేదానికి) పర్మిట్, తర్వాత టైమ్-రేంజ్‌తో పర్మిట్ ఐపీ ఎనీ ఎనీ, అంతే. మిగతాది చివర్లో కనబడకుండా ఉండే డినై చూసుకుంటుంది. టైమ్-రేంజ్‌లో రెండు లైన్లు: 'పీరియాడిక్ డైలీ 5:00 టు 22:59', 'అబ్సల్యూట్ స్టార్ట్ 00:00 1 జనవరి 2020'. రెండోది ఉంటే 1993లో ఉన్న స్విచ్‌కి ఆ పర్మిట్ పనిచేయదు. ఎన్‌టీపీ అందేదాకా నెట్ రాదు. పగలు కరెంటు పోయి వస్తే కాసేపు ఆగాలి, ఫోన్లు వస్తాయి. ఆ తలనొప్పి నాకు ఫర్వాలేదు.

'క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30' మర్చిపోతే మాత్రం మీ రాత్రి 11 తెల్లవారుజామున 4:30కి వస్తుంది. ఏసీఎల్ పోర్టుకి తగిలించే ముందు 'షో క్లాక్' కొట్టండి. టైమ్ ముందు నక్షత్రం గుర్తు ఉందంటే ఆ టైమ్‌ని స్విచ్చే నమ్మడం లేదు.