జీఆర్ఈ ‘3,500 పదాల’ ప్యాక్ కొనబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

‘3,500 హై ఫ్రీక్వెన్సీ వర్డ్స్, తెలుగు అర్థాలతో’ అంటూ పీడీఎఫ్, ఫ్లాష్ కార్డులు కలిపి జీఆర్ఈ (విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే పరీక్ష) వాళ్లకు అంటగడుతున్నారు. డబ్బు కట్టి తెప్పించి ఆసాంతం తిరగేశాం. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు ఎవరు అమ్మినా ఎలా పట్టుకోవాలో చెబుతున్నాం.

అట్ట మీద ‘న్యూ ఎడిషన్’ అనుంది. లోపల పేజీలకు పేజీలు ఆంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), ఎనాలజీలే (పదాల జంటల మధ్య పోలిక పట్టే ప్రశ్నలు). వాటిని జీఆర్ఈ నుంచి 2011 ఆగస్టులోనే తీసేశారు. 2023 సెప్టెంబరులో పరీక్షను ఇంకా కుదించారు, వెర్బల్‌లో, అంటే ఇంగ్లిష్ విభాగంలో, ఇప్పుడున్నవి 27 ప్రశ్నలే. విషయసూచికలో ఎనాలజీలు కనిపిస్తే ఇక కొనకండి.

అంతకన్నా పెద్ద నష్టం అర్థాల్లో ఉంది. రెస్టివ్‌కి (restive) ‘విశ్రాంతిగా ఉన్న’ అని, నాయిసమ్‌కి (noisome) ‘గోలగా ఉన్న’ అని రాశారు. స్పెల్లింగ్ చూసి ఊహించేసిన అర్థాలివి! రెస్టివ్ అంటే కుదురు లేక, అదుపుకి లొంగక ఉండడం. నాయిసమ్ అంటే ముక్కు మూసుకునేంత కంపు. క్వాలిఫైకి ‘అర్హత సాధించు’ ఒక్కటే ఇచ్చారు. ఒక మాటను షరతులు పెట్టి కాస్త తగ్గించి చెప్పడమనే అర్థం లేనేలేదు, పరీక్షలో పనికొచ్చేది అదే. శాంక్షన్‌కి ‘మంజూరు’ ఉంది, ‘ఆంక్ష’ లేదు.

వెర్బల్‌లో సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ప్రశ్నలుంటాయి. వాక్యంలోని ఖాళీకి ఒకే అర్థం వచ్చేలా ఆరు ఆప్షన్ల నుంచి రెండు ఎంచుకోవాలి, ఒకటి తప్పినా మార్కు రాదు. పైగా వాక్యానికి అతకని పర్యాయపదాల జంటను కావాలనే పెడతారు. ఉదాహరణ వాక్యం లేకుండా ఒక్క ముక్క అర్థం బట్టీపట్టినవాళ్లు సరిగ్గా అక్కడే దొరికిపోతారు. అక్షరక్రమం ఇంకో తంటా: అబేట్, అబ్జ్యూర్, అబ్రొగేట్ ఒకే రోజు చదివితే ఏది దేనిదో కలగాపులగం అవుతుంది.

కొనేముందు పది పేజీల శాంపిల్ అడగండి, పైన చెప్పిన నాలుగు పదాలూ వెతికించండి. శాంపిల్ ఇవ్వకపోతే వదిలేయండి. జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ సైట్‌లో పవర్‌ప్రెప్ అనే ప్రాక్టీస్ టెస్టులు రెండు ఉచితం, ముందు అవి రాయండి. తెలియని పదాలను ఆ వాక్యంతో సహా నోట్‌బుక్‌లో ఎక్కించండి. రోజుకు 10–15 చాలు, మర్నాడు, మూడోరోజు, వారం తర్వాత మళ్లీ చూసుకోండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ప్రకటన, పేమెంట్ రసీదు స్క్రీన్‌షాట్లు వెంటనే తీసి పెట్టుకోండి, ప్రకటన తీసేస్తే ఆధారం పోతుంది. రీఫండ్ ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా అడగండి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు.