మా వీధి పేరు చెప్పిన టీవీ: డాలస్‌లో పదేళ్ళకు పైగా చూశాక

టోర్నడో (సుడిగాలి) రావచ్చు అనే 'వాచ్'కీ, వచ్చేస్తోంది దాక్కోండి అనే 'వార్నింగ్'కీ తేడా ఏమిటో డాలస్‌లో ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నాకు నచ్చింది ఒక్కటే: టీవీలో వెదర్ చెప్పే మనిషి వీధుల పేర్లు చదవడం. ఫోన్ అరుస్తుంది, సైరన్ కూస్తుంది. టోర్నడో ఇప్పుడు ఏ సెంటర్లో ఉంది, మన దాకా రావడానికి ఎన్ని నిమిషాలు అన్నది మాత్రం టీవీయే చెప్తుంది. 2012 ఏప్రిల్‌లో, మేం వచ్చిన కొత్తలో, ట్రక్కుల ట్రైలర్లు అట్టపెట్టెల్లా గాల్లోకి లేవడం లైవ్‌లో చూశాను. అప్పటినుంచి నేను వీళ్ళకి భక్తురాలిని.

2019 అక్టోబర్ 20 రాత్రి ఆ భక్తి కాస్త సడలింది. ఆదివారం, టీవీలో కౌబాయ్స్‌కీ ఈగిల్స్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. మా ఆయన సోఫాలో, అత్తయ్యగారు పక్కన చిక్కుళ్ళు ఒలుస్తూ. తొమ్మిదవుతుండగా అందరి ఫోన్లూ ఒక్కసారి అరిచాయి. టీవీలో చూస్తే మ్యాచ్ నడుస్తూనే ఉంది! "ఏదైనా ఉంటే ఆపేసేవాళ్ళుగా" అన్నారు మా ఆయన, కదలకుండా. నేను రిమోట్ లాక్కుని వేరే ఛానెల్ పెట్టాను. అక్కడ రాడార్ నిండా ఎరుపు. వెదర్ చెప్పే అతను ప్రెస్టన్, రాయల్, తర్వాత ఫారెస్ట్ లేన్ అని వీధుల పేర్లు చదువుతున్నాడు. ఫారెస్ట్ లేన్ అనగానే మా ఆయన లేచారు. మధ్యాహ్నమే అక్కడి హోమ్ డిపోలో (ఇంటి సామాన్లమ్మే పెద్ద షాపు) బల్బులు కొనుక్కొచ్చారు.

ఇక్కడి ఇళ్ళకి బేస్‌మెంట్లు ఉండవు కదా, మెట్ల కింద క్లోజెట్టే మాకు దేవుడి గది. పిల్లలకీ అత్తయ్యగారికీ సైకిల్ హెల్మెట్లు పెట్టి, బియ్యం బస్తాలు జరిపి అందరం అందులో దూరాం. కరెంటు పోయింది. ఫోన్‌లో అదే ఛానెల్ పెట్టాను. "టోర్నడో 75 హైవేకి ఇంకా పడమరనే ఉంది" అని, అంటే మా దాకా ఇంకా రానట్టే, అతను అంటున్నాడు, బయట మాత్రం ఇల్లు ఊగిపోయేంత మోత. యాప్‌లో వచ్చే లైవ్ అర నిమిషం, ఒక్కోసారి నిమిషం వెనక నడుస్తుందని నాకు తెలిసింది అప్పుడే.

మాకు పోయింది ఫెన్సూ, కొన్ని పైకప్పు పెంకులూ. ఆ హోమ్ డిపో మాత్రం నేలమట్టం. గంటకు 140 మైళ్ళ గాలి, అయినా ఒక్క ప్రాణం పోలేదు. మ్యాచ్ ఆపడం ఆలస్యం చేసినందుకు ఆ ఛానెల్ తర్వాత క్షమాపణ చెప్పింది. 77 ఉప్పెన చూసిన మనిషి అత్తయ్యగారు. "మా దివిసీమలో ఆ రాత్రి ఇలా ఊరి పేరు పెట్టి చెప్పిన నాథుడు లేడమ్మాయ్" అన్నారు, ఇంకా హెల్మెట్ తియ్యకుండానే.

ఆ వారమే పైకప్పు కింద అటకలో యాంటెన్నా పెట్టించాం, బ్యాటరీతో నడిచే చిన్న టీవీ కొన్నాం. అందులో ఆలస్యం దాదాపు లేదు. అయితే వెదర్ వాళ్ళు చెప్పిందల్లా వేదం అని ఇప్పుడు అనను. 2013 మేలో ఓక్లహోమాలో ఒక టీవీ వెదర్ నిపుణుడు కార్లెక్కి దక్షిణానికి వెళ్ళిపొమ్మన్నాడు. రోడ్లన్నీ ఇరుక్కుపోయాయి, రెండున్నర మైళ్ళ వెడల్పు టోర్నడో దగ్గర్లోనే ఉంది. పైగా చాలా వార్నింగుల్లో చివరికి ఏమీ రాదు. సీరియల్ మధ్యలో ఆపి, మనకి సంబంధం లేని కౌంటీ (మన జిల్లా లాంటిది) గురించి గంటసేపు చెప్తుంటే విసుగే. నిద్రలో ఉంటే టీవీ దండగ, అప్పుడు ఫోనే దిక్కు.

మాది సొంత ఇల్లు, అటక ఉంది కాబట్టి యాంటెన్నా కుదిరింది. అపార్ట్‌మెంట్లో ఎలా పట్టుకుంటుందో చెప్పలేను. మా ఆయన ఇప్పటికీ ఆ ఛానెల్లోనే మ్యాచ్ చూస్తారు. మబ్బు పట్టిన రోజు రిమోట్ మాత్రం నా దగ్గరే ఉంటుంది.