ముందుగా డేట్ పెట్టుకునే సిజేరియన్: 37, 38, 39 వారాల్లో ఏది మేలు?

"ఎలాగూ ఆపరేషనే కదా, ఈ వారం చేసేద్దామా, ఇంకో రెండు వారాలు ఆగుదామా?" అని డాక్టర్ అడిగేసరికి నాకు 37 వారాల 2 రోజులు. నడుము లాగేస్తోంది, పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు, రాత్రుళ్లు నిద్ర లేదు. "ఈ వారమే చేసేయండి" అన్నాను. బాబు పుట్టిన గంటకి ఊపిరి వేగంగా తీస్తున్నాడని ఎన్ఐసీయూకి, అంటే అప్పుడే పుట్టిన బిడ్డల ఐసీయూకి తీసుకెళ్లారు. మూడు రోజుల పాటు వాణ్ని అద్దం ఇవతల నుంచే చూశాను. ఇప్పుడు వాడు ఆరోగ్యంగా ఉన్నాడు. కానీ ఆ రెండు వారాల్లో ఏం తేడా ఉంటుందో ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. డేట్ ఎంచుకునే పరిస్థితిలో ఉన్నవాళ్లకి అదంతా ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు అసలు విషయం. తల్లికీ బిడ్డకీ వేరే సమస్యేమీ లేకుండా, కడుపులో ఒక్క బిడ్డే ఉంటే, ముందుగా అనుకుని చేసే సిజేరియన్‌ని సాధారణంగా 39 వారాలు నిండాకే పెడతారు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పేదీ అదే, బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే మార్గదర్శకాలు చెప్పేదీ అదే. 39 నిండడం అంటే చివరి నెలసరి మొదటి రోజు నుంచి 273 రోజులు గడవడం. డ్యూ డేట్ 280వ రోజు కాబట్టి, దానికి సరిగ్గా వారం ముందన్నమాట.

"తొమ్మిది నెలలు నిండాయి కదా, ఇంకెందుకు ఆగడం?" అని ఇంట్లో పెద్దవాళ్లు అనడం సహజం. చాలాకాలం డాక్టర్లు కూడా 37 వారాలు దాటితే నెలలు నిండినట్టే లెక్కేసేవారు. 2013లో అమెరికాలో ఆ లెక్క మార్చారు. 37 నుంచి 38 వారాల 6 రోజుల దాకా పుట్టేవాళ్లని కాస్త ముందుగా పుట్టినవాళ్లుగానే చూస్తూ, 39 నుంచి 40 వారాల 6 రోజుల దాకా పుట్టేవాళ్లనే పూర్తిగా నెలలు నిండినవాళ్లుగా చెప్పడం మొదలుపెట్టారు. 37కీ 39కీ బిడ్డల పరిస్థితి ఒకేలా ఉండదని తేలాకే ఈ మార్పు వచ్చింది.

తేడా ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో ఉంటుంది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులు ద్రవంతో నిండి ఉంటాయి. పుట్టగానే ఆ ద్రవం పోయి గాలి నిండాలి. నొప్పులు మొదలైనప్పుడు బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. అప్పటిదాకా ద్రవాన్ని తయారుచేసే ఊపిరితిత్తులు దాన్ని పీల్చుకోవడం మొదలుపెట్టేది వాటి వల్లే. నొప్పులు రాకముందే సిజేరియన్ చేస్తే బిడ్డకి ఈ సాయం సరిగా అందదు. అయినా 39 వారాలకి ఊపిరితిత్తులు బాగా తయారై ఉంటాయి కాబట్టి ఎక్కువమంది తట్టుకుంటారు. 37కి ఆ తయారీ తక్కువ, పైగా నొప్పుల సాయమూ లేదు. రెండూ కలిసి బిడ్డని ఆయాసపెడతాయి. మా బాబుకి జరిగింది ఇదే. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, కొందరికి మాత్రం ఎక్కువ రోజులు ఆక్సిజన్ అవసరమవుతుంది.

అంకెలు చూస్తే నాకైతే ఇంకా స్పష్టంగా అర్థమైంది. 2009లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, 37 వారాలు నిండాక, ముందుగా డేట్ పెట్టుకుని రెండోసారో ఆపైనో సిజేరియన్ చేయించుకున్న 13 వేలకు పైగా కాన్పుల్ని పరిశీలించారు. ఊపిరి ఇబ్బంది, షుగర్ పడిపోవడం, ఇన్ఫెక్షన్, ఎన్ఐసీయూలో చేర్చడం లాంటి వాటిలో ఏదో ఒకటి 37వ వారంలో (అంటే 37 నిండాక, 38 నిండే లోపు) పుట్టినవాళ్లలో 15.3 శాతం మందికి వచ్చింది. 38వ వారంలో పుట్టినవాళ్లలో 11 శాతం, 39లో 8 శాతం. 38వ వారం చివరి మూడు రోజుల్లో చేసినా 39తో పోలిస్తే సమస్యలు కొంచెం ఎక్కువే. డెన్మార్క్‌లో 2008లో ఊపిరి ఇబ్బందులొక్కటే లెక్కేసి చూస్తే, ముందుగా పెట్టుకున్న సిజేరియన్‌లో 37వ వారంలో 10 శాతం, 38లో 5.1, 39లో 2.1 వచ్చాయి.

ఊపిరితిత్తులే కాదు, 35వ వారంలో బిడ్డ మెదడు బరువు 39, 40 వారాల నాటికి ఉండాల్సిన దానిలో మూడింట రెండు వంతులే. ముందుగా పుట్టిన బిడ్డలు పాలు తాగుతూ తాగుతూనే నిద్రపోతారు, ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, కామెర్లు ఎక్కువ వస్తాయి. చిన్నచిన్న ఇబ్బందులుగానే కనిపిస్తాయి గానీ, ఆపరేషన్ కుట్లతో మంచం దిగలేని తల్లికి అవి ఎంత పెద్దవో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

కాబట్టి 37కీ 39కీ మధ్య పోటీ లేదు. కారణం లేకపోతే 37 వద్దు.

38కీ 39కీ మధ్యే అసలు చర్చ. 39 దాకా ఆగితే, సుమారు పదిమందిలో ఒకరికి ఆ లోపే నొప్పులు వచ్చేస్తాయి. అప్పుడు రాత్రీ పగలూ చూడకుండా అప్పటికప్పుడు ఆపరేషన్ చేయాలి. తల్లికి మత్తు ఇచ్చే డాక్టరు, పిల్లల డాక్టరు, అవసరమైతే రక్తం, అన్నీ సిద్ధంగా ఉన్న ఉదయం పూట చేసే ఆపరేషన్‌లో ఉండే నిమ్మళం అందులో ఉండదు. 38వ వారంలోనే చేసేద్దామని కొందరు డాక్టర్లు అనేది ఈ టెన్షన్‌తోనే. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. 2013లో డెన్మార్క్‌లోనే 1274 మంది గర్భిణుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 38 వారాల 3 రోజులకీ, రెండో గుంపుకి 39 వారాల 3 రోజులకీ డేట్లు ఇచ్చి చూశారు. ఎన్ఐసీయూకి వెళ్లిన బిడ్డలు మొదటి గుంపులో 13.9 శాతం, రెండో గుంపులో 11.9 శాతం. అంకెల్లో కనిపించే ఈ తేడా కాకతాళీయం కూడా కావచ్చన్నంత చిన్నది. అంటే 38 మధ్యలో జరిగిందని భయపడిపోవాల్సిన పని లేదు. అయినా వేరే కారణమేమీ లేనప్పుడు, డేట్ మన చేతిలో ఉన్నప్పుడు నేను 39నే ఎంచుకుంటాను. ఆసుపత్రి చాలా దూరంలో ఉన్నా, గతంలో నొప్పులు మొదలవగానే కాన్పు అయిపోయే పరిస్థితి వచ్చినా, డాక్టర్‌తో కూర్చుని 38 చివర గురించి మాట్లాడటంలో తప్పు లేదు.

38లోనో అంతకంటే ముందో చేయాల్సి వస్తే, ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం గురించి డాక్టర్ చెప్పవచ్చు. 24 గంటల తేడాతో రెండు డోసులు. 2005లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో ఊపిరి ఇబ్బందితో ప్రత్యేక వార్డులో చేరిన బిడ్డలు 5.1 శాతం నుంచి 2.4 శాతానికి తగ్గారు. మరోవైపు బిడ్డకి షుగర్ పడిపోయే అవకాశం ఉంటుంది. ఆగడానికి వీలున్నప్పుడు, ఇంజెక్షన్ కంటే వారం ఆగడమే నాకు మంచిదనిపిస్తుంది.

40 వారాలు దాటేదాకా ఆగొచ్చా? ఊపిరి విషయంలో 39 కంటే పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. రోజులు గడిచేకొద్దీ నొప్పులు వచ్చేయడానికే అవకాశం పెరుగుతుంది. గతంలో సిజేరియన్ అయినవాళ్లకి నొప్పుల్లో పాత కుట్టు విడిపోయే ప్రమాదమూ ఉంటుంది. అది రెండు వందల్లో ఒకరికి వచ్చేంత అరుదు, కానీ వస్తే చాలా ప్రమాదం.

ఇక ముందే చేయాల్సినవాళ్ల సంగతి. ఇక్కడ 39 అంటూ పట్టుబడితే అది తప్పు. మాయ కిందికి జారి గర్భాశయ ముఖద్వారాన్ని కప్పేసి ఉంటే 36 నిండాక, 38 లోపే చేస్తారు, ఎందుకంటే నొప్పులు మొదలైతే రక్తస్రావం ఆగదు. మాయ గర్భాశయం గోడలోకి చొచ్చుకుపోయిందని అనుమానం ఉంటే 34, 35 వారాల్లోనే. కవలలకి వేర్వేరు మాయలుంటే 37, 38. ఇద్దరికీ ఒకే మాయ ఉంటే ఇంకా ముందు, ఒకే ఉమ్మనీటి సంచిలో ఉంటే 32 నుంచి 34 మధ్యే. బీపీ ప్రమాదకరంగా పెరిగితే 37 దాటేదాకా ఆగరు, పరిస్థితిని బట్టి అంతకంటే ముందే చేస్తారు.

గతంలో గర్భాశయం పై భాగంలో నిలువుగా కోసి ఉంటే 36 నుంచి 37 వారాల మధ్య చేస్తారు. పైకి చర్మం మీద కనిపించే గాటు అడ్డంగా ఉన్నా లోపల గర్భాశయం మీద కోత నిలువుగా ఉండొచ్చు. అందుకే మొదటి ఆపరేషన్ కాగితాలు పారేయకండి. రెండో కాన్పు డేట్ దాని మీద కూడా ఆధారపడుతుంది.

బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని సిజేరియన్ పెట్టుకుంటే ఆగడంలో ఇంకో లాభం ఉంది. 36, 37 వారాల్లో పైనుంచి చేతులతో బిడ్డని తిప్పే ప్రయత్నం చేస్తారు. అది కుదరకపోయినా కొందరు బిడ్డలు వాళ్లే తిరుగుతారు. ఆపరేషన్ రోజు ఉదయం ఇంకోసారి స్కాన్ చేయమని అడగండి. తల కిందికి వచ్చేసి ఉంటే ఆపరేషనే అవసరం లేకపోవచ్చు.

ఇంత చెప్పినా, వారాల లెక్కే తప్పైతే అంతా వృథా. మొదటి మూడు నెలల్లో చేసిన స్కాన్‌లో వయసు అంచనాకి వారం రోజుల లోపే తేడా వస్తుంది. చివరి నెలల్లో మొదటిసారి స్కాన్ చేయించుకుంటే ఆ తేడా మూడు వారాల దాకా ఉండొచ్చు. ఆ లెక్కన 39 అని పెట్టుకున్న డేట్ నిజానికి 37 కూడా కావచ్చు. "నా డ్యూ డేట్ ఏ స్కాన్ ప్రకారం లెక్కేశారు? ఈ డేటే ఎందుకు?" అని డాక్టర్‌ని అడగడానికి మొహమాటం వద్దు. సరైన కారణం ఉంటే వాళ్లు ఒక్క నిమిషంలో చెప్పేస్తారు.

రెండోసారి నేను ఆ ప్రశ్న అడిగాను. 39 వారాల 1 రోజుకి డేట్ ఇచ్చారు. 38 వారాల 6వ రోజు రాత్రి పదకొండింటికి నొప్పులు మొదలయ్యాయి. అప్పటికే బ్యాగ్ సర్ది తలుపు పక్కన పెట్టి ఉంది, ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఉంది. రెండు గంటల్లో ఓటీలో ఉన్నాను. పాప పుట్టగానే గట్టిగా ఏడ్చింది, తుడిచి నేరుగా నా గుండెల మీద పడుకోబెట్టారు. ఎన్ఐసీయూ వైపు ఎవరూ వెళ్లలేదు.