ప్రీ లాంచ్‌కి తోడు బై బ్యాక్ కూడా ఇస్తామంటున్నారా, అక్కడే ఆగండి

నా డబ్బు తీసుకున్న రియల్ ఎస్టేట్ కంపెనీ పేరు రాయడం లేదు, లాయరు గారు వద్దన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు ఆ హోర్డింగులు తెలుసు, ఆదివారం సైట్ విజిట్ బస్సులు తెలుసు, స్టేజీ మీద ఏజెంట్లకు కారు తాళాలు పంచే మీటింగులూ తెలుసు. కాబట్టి ఎవరనేది పక్కన పెట్టి ఏం జరిగిందో చెప్తాను. ఒళ్లు మండిపోతోంది, మాటలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

సంగతి ఇదీ. ఎఫ్‌డీ మెచ్యూర్ అయింది, నాన్నగారి వైపు నుంచి నా వాటా కొంత వచ్చింది. అందరూ రియల్ ఎస్టేట్ అంటున్నారు కదా, మనమూ మొదలుపెడదామనుకున్నాను. మా ఆఫీసులో ఒకావిడ తమ్ముడు ఆ కంపెనీలో మార్కెటింగ్. 1,100 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు. చుట్టుపక్కల ఎస్‌ఎఫ్‌టీ 6 వేలు నడుస్తోంది, వీళ్లు ప్రీ లాంచ్, అంటే పర్మిషన్లు రాకముందే అమ్మే రేటు, మొత్తం ఒకేసారి కడితే 3,400 అన్నారు. అంటే 37 లక్షల 40 వేలు. "ఫ్లాటు ఉంచుకుంటారా, మీ ఇష్టం అక్కా. వద్దనుకుంటే 18 నెలలకు కంపెనీయే 50 లక్షలకు వెనక్కి తీసుకుంటుంది, అదే బై బ్యాక్. అప్పటి డేటు వేసిన చెక్కు ఇప్పుడే మీ చేతిలో పెడతాం" అన్నాడు తమ్ముడు. తమ్ముడనే అంటున్నాను, అప్పటికి ఇంట్లో కాఫీ తాగి పోయేంత దగ్గరయ్యాడు మరి.

నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. ఊరందరి లెక్కలూ చూస్తాను, ఈ లెక్క ఒక్కటే చూడలేదు. 37 లక్షల 40 వేలు 18 నెలల్లో 50 లక్షలు కావాలంటే ఏడాదికి 20 శాతం పైమాటే. స్థలం, పర్మిషన్లు చేతిలో ఉన్న బిల్డరుకు బ్యాంకు అంతకంటే చాలా తక్కువకే లోను ఇస్తుంది. మరి నా గుమ్మం ఎందుకు తొక్కాడు? బ్యాంకయితే టైటిల్ అడుగుతుంది, అప్రూవ్డ్ ప్లాన్ అడుగుతుంది, రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద ప్రభుత్వం పెట్టిన నియంత్రణ సంస్థ, ఇచ్చే నంబరు అడుగుతుంది. నేను "ఈస్ట్ ఫేసింగ్ ఉందా" అని అడిగాను.

రెరా గురించి అసలు అడగలేదనుకోకండి. అడిగాను. "అప్లై చేశాం అక్కా, రేపో మాపో వచ్చేస్తుంది, వస్తే ఈ రేటు ఉండదు" అన్నాడు. నంబరు రాకముందు అమ్మడమే తప్పని అప్పుడు నాకు తెలియదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రిజిస్ట్రేషన్ కావాల్సిందే. అది లేకుండా బుకింగ్ తీసుకోకూడదు సరికదా, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. నా దగ్గర నూటికి నూరు తీసుకున్నారు. రెరా ఉన్న ప్రాజెక్టులో అయితే కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో వేసి ఆ ప్రాజెక్టు స్థలం ఖర్చుకు, కట్టడానికే వాడాలి. నాది ఏ ఖాతాలోకి పోయి, అక్కడి నుంచి ఎవరి కారుగా మారిందో ఆ దేవుడికే తెలియాలి.

సగం క్యాష్ ఇస్తే ఎస్‌ఎఫ్‌టీకి ఇంకో వంద తగ్గిస్తామన్నారు. అదొక్కటీ ఒప్పుకోలేదు. స్థిరాస్తి లావాదేవీల్లో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఇన్‌కం ట్యాక్స్ చట్టం చెప్తోంది, ఆ మాటే వాడికి చెప్పి మొత్తం ఆర్‌టీజీఎస్ చేశాను. ఇవాళ నా దగ్గర ఆధారమంటూ ఏదైనా గట్టిగా ఉందంటే ఆ బ్యాంకు స్టేట్‌మెంటే.

ఇక అసలు విషయం, చెక్కు.

18 నెలలు గడిచాయి. సైట్‌లో కంప చెట్లు తప్ప ఏమీ లేవు. ఫ్లాటు వద్దు, డబ్బే ఇచ్చేయండి, చెక్కు బ్యాంకులో వేస్తున్నాను అన్నాను. ఆ సాయంత్రమే తమ్ముడు ఇంటికొచ్చాడు. "అక్కా, మీ కాళ్లు పట్టుకుంటా, ఒక్క వారం ఆగండి. ఆడిట్ జరుగుతోంది. ఇప్పుడు వేస్తే బౌన్స్ అవుతుంది, కేసులు, కోర్టులు, మీకే టెన్షన్. మన ఫైలు టాప్‌లో పెట్టించాను" అన్నాడు. తర్వాత ల్యాండ్ ఓనర్ ఇంట్లో ఎవరో పోయారన్నాడు. తర్వాత డైరెక్టరు గారు అమెరికాలో ఇన్వెస్టర్ మీట్‌లో ఉన్నారన్నాడు. మధ్యలో ఓ రోజు నా ఖాతాలో లక్ష రూపాయలు పడ్డాయి. "చూశారా అక్కా, మొదలైంది" అని మెసేజ్, దండం బొమ్మలతో. నేను కూడా దండం బొమ్మే పెట్టాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. మా వారిని తీసుకుని మొన్న వాళ్ల ఆఫీసుకు వెళ్లాను.

కార్పెట్లు, అక్వేరియం, గోడ నిండా అవార్డులు. మేనేజరు మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టి లోపలికి పిలిచాడు. నేను మాట్లాడుతుంటే మా వారి వైపు చూస్తాడు. "సార్, మీరు చెప్పండి, మేడం ఎమోషనల్‌గా ఉన్నారు" అంటాడు. మా వారు "డబ్బు ఆవిడది, లెక్క ఆవిడది, ఆవిడతోనే మాట్లాడండి" అన్నారు. అప్పుడు చెక్కు అడిగాడు. ఇచ్చాను. రెండు వేళ్లతో పట్టుకుని లైటుకు ఎదురుగా ఎత్తాడు, దొంగనోటు చూస్తారే, అలా. తాపీగా టేబుల్ మీద పెట్టి, డేటు మీద పెన్ను ఆనించి, నా వైపు తిప్పాడు.

"మూడు నెలలు దాటింది కదా మేడం. ఇది బ్యాంకు తీసుకోదు."

అంతే. క్షమించమనలేదు, ఇంకో చెక్కు రాస్తాననలేదు. నోరెండిపోయింది నాకు. రోజూ వందల చెక్కులు చూసే మనిషిని, మూడు నెలల రూలు 2012 ఏప్రిల్ నుంచీ ఉందని జూనియర్లకు పాఠం చెప్పే మనిషిని! తమ్ముడు అదే గదిలో, తలుపు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. "నువ్వే కదా ఆగమన్నావు" అన్నాను. తలెత్తకుండా "డేటు మీరు చూసుకోవాలి కదా మేడం" అన్నాడు. అక్క పోయి మేడం వచ్చింది.

కొత్త చెక్కు ఇవ్వండి అన్నాను. కంపెనీ పాలసీ మారిందట. సరే ఫ్లాటే ఇవ్వండి అన్నాను. పర్మిషన్లు రావాలట. రెరాకి వెళ్తానన్నాను. మేనేజరు నవ్వి, మా ఎంఓయూ, అంటే డబ్బు కట్టినప్పుడు రాసుకున్న ఒప్పంద కాగితం, తీసి నాలుగో పేజీ చూపించాడు. అందులో రెండో పార్టీ, అంటే నేను, ఇన్వెస్టర్‌ని. ఫ్లాట్ కొన్న మనిషినని ఎక్కడా లేదు. లాభం కోసం డబ్బు పెట్టాను, లాభం వస్తుందో రాదో రిస్కు నాదే. "రెరా ఇల్లు కొనుక్కున్నవాళ్లకండీ. మీరు బిజినెస్ చేశారు. వెళ్లండి, మా లాయరూ ఇదే చెప్తాడు."

నేను రక్షణ అనుకుని రాయించుకున్న బై బ్యాక్ క్లాజే నా మెడకు చుట్టుకుంది. ఈ పోస్టు రాస్తున్నది అందుకే. ప్రీ లాంచ్‌లో పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు, అది కొత్త కథేం కాదు. కానీ కొత్తగా దిగేవాళ్లు బై బ్యాక్ ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుంటున్నారు. నేనూ అంతే. ఆ కాగితంతో మీరు ఇల్లు కొన్నవాళ్లు కాకుండా, తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్లుగా మిగులుతారు.

లాయరు గారు చెప్పినవి కొన్ని రాస్తాను, నాలాంటివాళ్లకు పనికొస్తాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, బై బ్యాక్, గ్యారంటీ రిటర్నుల మీద పెట్టినవాళ్లు ఊహాలాభం కోసం వచ్చిన ఇన్వెస్టర్లని, వాళ్లు దివాలా చట్టం కింద బిల్డరు మీదకు వెళ్లలేరని చెప్పింది. మిగతా దారులు మూసుకుపోలేదు. రెరాలో కూడా బిల్డర్లు ఇదే వాదన తెస్తారు, కానీ అది నిలబడి తీరుతుందనేం లేదు. నా రసీదులో టవరు, అంతస్తు, ఎస్‌ఎఫ్‌టీ, "ఫ్లాట్ బుకింగ్" అని రాసి ఉంది కాబట్టి కొనుగోలుదారుగానే రెరాలో ఫారం ఎం, అంటే ఫిర్యాదు, వేస్తున్నాం. గెలిస్తే అసలు, దాని మీద స్టేట్ బ్యాంకు లోన్లకు పెట్టుకునే కనీస వడ్డీ రేటు అయిన ఎంసీఎల్‌ఆర్‌కు 2 శాతం కలిపి వడ్డీ అడగొచ్చు. రిటర్నులు ఆశ చూపి డబ్బు సేకరించారు కాబట్టి డిపాజిటర్ల రక్షణకు 1999లో వచ్చిన చట్టం, అనుమతి లేని డిపాజిట్లను నిషేధించే 2019 నాటి బడ్స్ చట్టం కింద పోలీసు కంప్లైంటు కూడా పెడుతున్నాం.

ఇంకొకటి విని ఆయన తల పట్టుకున్నారు. ఆ లక్ష రూపాయలు. చెక్కు ఇచ్చాక కొంత డబ్బు ముట్టితే, ఆ సంగతి చెక్కు మీద రాయించుకోకుండా పూర్తి మొత్తానికి వేస్తే, బౌన్స్ అయినా సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ కేసు నిలవదని 2022లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. అంటే డేటు లోపల వేసినా అది చెల్లని కేసే అయ్యేది. నమ్మకం కోసం వేశాడనుకున్న లక్ష! ఇదంతా వాళ్లకు తెలిసే చేస్తారా అంటే, నేనయితే తెలిసే చేస్తారంటాను. ఒక్కరి దగ్గర నేర్చుకున్న తెలివి కాదది.

ఇంటికొచ్చి ప్రభుత్వ భూరికార్డులుండే భూభారతి పోర్టల్లో ఎంఓయూలోని సర్వే నంబరు కొట్టి చూశాను. ఇప్పటికీ సాగు భూమే. పట్టాదార్లలో కంపెనీ పేరు లేదు. కట్టకముందు చూడాల్సిన పని, కాళ్లు కడుక్కుని సోఫాలో కూర్చునేలోపు అయిపోయింది.

సలహాలంటారా, నేనేం ఇస్తాను. తెలంగాణ రెరా సైటులో ప్రాజెక్టు పేరు కొట్టండి, కనపడకపోతే టోకెన్ అమౌంటు కూడా ఇవ్వకండి. ఏజెంటుకు కూడా విడిగా రెరా నంబరు ఉండాలి, అడగండి, నీళ్లు నమిలితే లేనట్టే. ఎంఓయూ మీద సంతకం పెట్టకండి, అగ్రిమెంట్ ఆఫ్ సేల్ అడగండి.

ఇప్పటికే కట్టేసి, చెక్కు బీరువాలో పెట్టుకుని ఉన్నవాళ్లు ముందు డేటు చూడండి. మూడు నెలలు దాటకపోతే రేపే బ్యాంకులో వేయండి, ఎవరు వచ్చి కాళ్లు పట్టుకున్నా సరే. మధ్యలో కొంత ముట్టి ఉంటే మాత్రం ముందు లాయరుకు చూపించండి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో దాచుకోండి, అది అందిన 30 రోజుల్లోపు లీగల్ నోటీసు వెళ్లాలి. నోటీసు అందాక వాళ్లకు 15 రోజులు గడువు, ఇవ్వకపోతే ఆ తర్వాత నెల లోపల కోర్టులో కంప్లైంటు పడాలి. ఇదే కంపెనీలో కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు విడిగా రాయండి, రసీదులో ఏం రాసిందో ఫొటో పంపండి. కేసు కలిపి వేయొచ్చేమో లాయరు గారిని అడుగుతాను.